జాంబియా పల్లెలో 8 నెలలు వాలంటీర్‌గా పోతాండా, అక్కడ దినం ఎట్ల గడుస్తాది?

సీమ_చెనక్కాయ:
అన్నలూ అక్కలూ నమస్తే. మాది అనంతపురం పక్కన పల్లె, అగ్రి బీఎస్సీ అయినాక రెండేండ్లు విత్తనాల కంపెనీలో చేసినా. ఇప్పుడు జాంబియాలో ఈస్టర్న్ ప్రావిన్స్ అని ఉంది కదా, అక్కడ కటేటే దగ్గర ఒక పల్లెలో రైతు సంఘాలతో పని చేసేదానికి 8 నెలలు వాలంటీర్‌గా తీసుకుంటామన్నారు, ఫీజు గీజు ఏం అడగలేదు, రూము వాళ్లదే, నెల ఖర్చులకు కొంత ఇస్తారంట. నవంబర్‌లో పోవల్ల. మాయమ్మ రెండు దినాలు అన్నం తినలే, ఆఫ్రికా అంటే సింహాలు, జబ్బులు అని. సింహాల సంగతి పక్కన పెడితే నేను గుడ్డు వరకే తింటా, చేప, మాంసం ముట్టను, అదొక దిగులు. ఇంగోటి, పొద్దున లేచినకాడి నుంచి నిజంగా ఏం పని ఉంటాది? వీడియోల్లో చూస్తే అందరూ పిల్లకాయలతో ఫోటోలు దిగేదే కనపడతాంది. పోయొచ్చినోళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండప్పా.

బోరింగ్_అక్క:
తమ్మీ నేను అదే ఈస్టర్న్ ప్రావిన్స్‌ల పెటౌకే దిక్కు ఒక ఊర్ల 14 నెలలు ఉన్న, నీళ్ల పని మీద. మొదటి దినం ఊర్లకు పోంగనే చూసింది ఏందంటే బోరింగ్, అచ్చం మా ఊర్ల బడి ముంగట ఉన్నట్టిదే, అదే పొడుగు హ్యాండిల్, అదే కిర్రుకిర్రు. ఇండియా మార్క్ టూ అంటరు, మన దేశంల తయారైన మాడలే, జాంబియాల ఎక్కువ అదే. నాకు ఏడుపొచ్చింది నిజంగ.

దినం ఎట్ల గడుస్తదంటే, తెల్లారకముందే బకెట్ల లైను. అక్కడికి పోయి నిలబడితే ఊరి ముచ్చట మొత్తం తెలుస్తది, ఆఫీసుల కూసుంటే ఏం తెల్వది. పొద్దెక్కకముందు చేను పని, ఎండెక్కినంక మీటింగు, పది గంటలకని చెప్తే పన్నెండుకు మొదలైతది, దానికి కోపం తెచ్చుకోకు. ఊర్ల ఎవరన్న సచ్చిపోతే అన్నీ బందు. ఆడోళ్లు ఆ ఇంట్ల రాత్రంత కూసుంటరు, మొగోళ్లు బయట మంట కాడ ఉంటరు, నువ్వు కూడ పోవాలె, పోకపోతే నీ పనికి ఎవ్వరు రారు. నా మొదటి మీటింగ్ మూడుసార్లు వాయిదా పడ్డది ఇట్లనే.

ఇగ అసలు ముచ్చట. మూడో నెలల బోరింగ్ ఆగిపోయింది. నీళ్ల కమిటీ ఉంటది, ఇంటికింత అని డబ్బులు జమ చేస్తరు, అవి ఒక రేకు డబ్బల కోశాధికారి ఆమె కాడ ఉంటయ్. తెరిచి చూస్తే సగం ఇండ్లోళ్లు కట్టనేలేదు, ఎందుకంటే అది ఫిబ్రవరి, పాత మక్కలు ఒడిసినయ్, కొత్తయి ఇంక చేతికి రాలే. నా పర్సుల ఆ రిపేరుకు సరిపోను పైసలున్నయ్. ఇద్దామనుకున్న. కమిటీ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకొని కూసో అన్నది, నువ్వు పోయినంక మళ్ల చెడితే ఎవర్ని అడగాలె అన్నది. 11 దినాలు, తమ్మీ. ఆడోళ్లు వాగు చెలిమె నుంచి మోసిన్రు, నేను కూడ మోసిన, ఇరవై లీటర్ల బకెట్ నెత్తి మీద నిలబడక సగం నా మీదనే పోసుకున్న. పసిపిల్ల ఒకామెకు బేదులు పట్టుకున్నయ్, బతికింది గానీ ఆ రాత్రి నాకు నిద్రలేదు. ఇచ్చుడా, ఇయ్యకపోవుడా అని ఇప్పటికి కూడ గుర్తొస్తది.

ఆఖరికి డబ్బులు జమైనంక పంప్ మెండర్ ఆయన సైకిల్ మీద సామాన్లు కట్టుకొని వచ్చిండు. మార్క్ టూల చిన్న వాషర్ మార్చాలన్నా పైపులన్నీ పైకి గుంజాలె, ఒక్కోటి మూడు మీటర్లు ఇనుప పైపు, పది పన్నెండు ఉంటయ్, ఊరోళ్లంత పట్టుకున్నరు. వాషర్ చూస్తే మన టీ గ్లాసు మూతంత లేదు, అంచులు అరిగి నలిగిపోయింది. కింది రెండు పైపులు తుప్పు పట్టి పొక్కలు పడ్డయ్. అక్కడి నీళ్ల గుణానికి ఆ ఇనుము తొందరగ తింటది, పొద్దున మొదటి బకెట్ ఎర్రగ వస్తది, అది ఇంట్లకు తేరు, పెరట్ల పోస్తరు.

మాట్లాడుకో_బ్రో:
బ్రో ఫీజు లేదన్నావు కాబట్టి ఓకే. నేను కాలేజీ అయ్యాక వేరే దేశంలో ఒక సంస్థకి రెండు వారాలకి లక్ష పైన కట్టి పోయా, అనాథ పిల్లలకి ఇంగ్లిష్ చెప్పాలన్నారు, తీరా చూస్తే సగం మంది పిల్లలకి అమ్మానాన్నలు ఉన్నారు, మాలాంటోళ్లు వస్తారనే అక్కడ పెట్టారు. నా ముందు వచ్చినోడూ ఏ ఫర్ యాపిలే చెప్పాడు, నేనూ అదే చెప్పా. ఇంకొకటి అడుగుతా ఫీల్ అవ్వకు, అక్కడి రైతుకి నువ్వు నేర్పేది ఏముంది? ఆయన పుట్టినప్పట్నించి చేస్తున్నాడు.

లుసాకా_వదిన:
బాబూ మేం జాంబియా రాజధాని లుసాకాలో ఉంటాం, పదకొండేళ్లయ్యింది. తిండి గురించి అమ్మగారికి చెప్పు, అక్కడ తినేది న్షీమా, అంటే మొక్కజొన్న పిండి సంగటే, మీ సీమ వాళ్లకి కొత్తేం కాదు. ముద్ద చేసి బొటనవేలితో గుంట పెట్టి కూర అందుకుంటారు, తినే ముందు చేతుల మీద నీళ్లు పోస్తారు, వాళ్లు పోసినప్పుడు నువ్వూ తర్వాతి వాళ్లకి పొయ్యి. గుమ్మడాకు, చిలగడదుంప ఆకు పల్లీల పొడి వేసి వండుతారు, ఎంత బావుంటదో. కపెంటా అని ఎండు చేపలు మాత్రం అన్నిట్లో కనపడతాయి, మొదటి రోజే తిననని చెప్పేసేయ్, మొహమాటపడితే ఎనిమిది నెలలూ అదే పెడతారు. మీ ప్రావిన్స్‌లోనే చిపాటా టౌన్‌లో గుజరాతీ వాళ్ల కొట్లు తరాల నించి ఉన్నాయి, కందిపప్పు, ఆవాలు దొరుకుతాయి. నిన్ను మ్వెన్యే అంటారు, అంటే ఇండియన్ అని, అందరూ అనుకునేది నీకు కొట్టు ఉందనే, కాబట్టి అప్పు అడుగుతారు హహ.

దోమల విషయంలో మాత్రం హీరోయిజం వద్దు. నువ్వొచ్చేది సరిగ్గా వానల్లో, నవంబర్ నించి ఏప్రిల్ దాకా మలేరియా ఎక్కువ, అక్కడిది మెదడుకి ఎక్కే రకం. బయల్దేరకముందే డాక్టర్ని అడిగి మాత్రలు మొదలుపెట్టు, తిరిగి ఇండియా వెళ్లాక కూడా అవి కొన్నాళ్లు వాడాలి, చాలామంది విమానం దిగగానే మానేస్తారు. జ్వరం వస్తే అదే రోజు హెల్త్ పోస్ట్‌కి, అంటే ఊళ్లో ఉండే చిన్న ఆస్పత్రికి వెళ్లి వేలు గుచ్చి టెస్ట్ చేయించుకో. మా మరిది తిరిగి వెళ్లాక గుంటూరులో జ్వరం వస్తే ఆఫ్రికా నించి వచ్చానని డాక్టర్‌కి చెప్పలేదంట, నాలుగు రోజులు టైఫాయిడ్ మందులు మింగాడు. విమానం అడిస్ అబాబా, నైరోబీ మీదుగా అయితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు దగ్గరుంచుకో, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. కరెంటు మీద ఆశలు పెట్టుకోకు. 2024లో కరువొచ్చి, కరెంటు తయారయ్యే కరీబా డ్యామ్‌లో నీళ్లు తగ్గితే మాకు లుసాకాలోనే రోజుకి మూడు నాలుగు గంటలొచ్చేది. సోలార్ లైటు తెచ్చుకో.

సీమ_చెనక్కాయ:
బోరింగ్ అక్కా నీ కథ మాయమ్మకు చదివి వినిపించినా, 11 దినాలు అనేకాడ మా ఊరి ట్యాంకర్ దినాలు గుర్తొచ్చి ఊరికే ఉండిపోయింది. బ్రో నువ్వడిగింది నాకూ ఉండే డౌటే. కానీ అక్కడ కూడా చెనక్కాయలే ఎక్కువంట కదా?

బోరింగ్_అక్క:
ఔ ఈస్టర్న్ అంటెనే పల్లికాయ. నువ్వు ఉండంగనే ఏప్రిల్, మే నెలల్ల పీకుడు పడతది. ఒక్కటి చూస్తవ్, వలిచేటప్పుడు వేళ్లు నొస్తయని కాయల మీద నీళ్లు చల్లుతరు, పొట్టు మెత్తబడుతదని. ఆ తడికి బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తది, నీకు నాకంటె ఎక్కువ తెలుసు ఇది.

సీమ_చెనక్కాయ:
మాయవ్వ కూడా అట్లే నీళ్లు చల్లి వలిచేది అక్కా! కూలి కాయ ఎంత వలిస్తే అంత, వేళ్లు పగిలిపోయేవి పాపం. చల్లొద్దు అంటే ఎవరు వింటారు, చేత్తో తిప్పే మిషను ఉంటే తప్ప.

బోరింగ్_అక్క:
గదే. పోంగనే మిషన్ మిషన్ అనకు, ఒక నెల వాళ్లతోని కూసొని వలువు, నీ వేళ్లు కూడ నొయ్యాలె. మిషన్ వచ్చినా అది ఎవరింట్ల ఉంటది, చెడితే బాగు చేసుడెవరు, ఇవి వాళ్లే తేల్చుకోవాలె. ఎవరింటికన్న పోతే వాకిట్లనే ఆగి ఓడీ అని పిలువు, లోపల్నించి ఓడినీ అంటెనే అడుగు పెట్టు. తొవ్వల ముసుగులు పెట్టుకొని ఆడుకుంట వచ్చేటోళ్లు ఎదురైతే పక్కకు జరుగు, లోపల ఎవరున్నరని మాత్రం అడగకు, వాళ్ల లెక్కల వాళ్లు మనుషులు కారు, పెద్దల ఆత్మలు.

మాట్లాడుకో_బ్రో:
సరే బ్రో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. వెళ్లాక ఫోటోలు పెట్టు, పిల్లలవి కాదు, కాయలవి.

సీమ_చెనక్కాయ:
థ్యాంక్స్ అందరికీ. టీకాకు సోమవారం పోతాండా. మాయమ్మకు న్షీమా ఫోటో చూపించినా, సంగటే కదా ఇది అని కొంచెం తేరుకుంది. ఉప్పు వేస్తారా అని అడగమంటాంది.

లుసాకా_వదిన:
వెయ్యరు బాబూ. అది మాత్రం అమ్మకి చెప్పకు.