ఆదోని పాత జిన్నింగ్ మిల్లు బాగుచేత: ఎనిమిది నెలల పని ఫొటో తీయడం ఎలా?

పత్తిమండి:
అందరికీ నమస్తే. ఆదోనిలో ఒక పాత పత్తి జిన్నింగ్ మిల్లును (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు) డిజైనర్లు, చిన్న స్టూడియోలవాళ్ళు పనిచేసుకునే చోటుగా మారుస్తున్నారు. షెడ్డు 40 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. రాతి గోడలు, సున్నపు గచ్చు, ఇనుప ట్రస్సులు (పైకప్పును మోసే చట్రాలు), నేల కడప బండలు. పైకప్పు రంపపు పళ్ళ ఆకారం, గాజులు ఉత్తరం వైపు. పని ఎనిమిది నెలలు. ముందూ తర్వాతా ఫొటోలు ఒకదానిమీద ఒకటి పెడితే అతికినట్టు కూర్చోవాలి. టైమ్‌లాప్స్ (నెలల పనిని నిమిషాల్లో చూపే వీడియో) కూడా అడుగుతున్నారు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 16–35 మి.మీ. జూమ్ లెన్సు, ట్రైపాడ్ ఉన్నాయి. దేనితో మొదలుపెట్టాలి?

గచ్చుసున్నం:
టేపుతో మొదలుపెట్టన్నా. ప్లాను మీద కెమెరా నిలిపే పాయింట్లు పది పన్నెండు పెట్టుకో. ఒక్కో పాయింటుకీ రెండు గోడల నుంచి దూరం, లెన్సు ఎత్తు, ఫోకల్ లెంగ్త్, ఫ్రేము నడిమధ్యన ఏముందో రాసిపెట్టు. నేలలో మేకు కొట్టి గుర్తు పెట్టుకుంటే రెండో నెలలో బండలు లేపినప్పుడు అదీ పోతుంది. గచ్చు మీద గీసిన గీతకూ అదే గతి. కదలని ఇనుప స్తంభాల అడుగు పలకల నుంచే కొలతలు తీసుకో.

జూమ్ మీద 24 అన్న గీతను నమ్మొద్దు, రోజుకో రకంగా ఆగుతుంది. రింగు చివరికి వెళ్ళి ఆగే చోటే వాడు. 35 దగ్గర 15 మీటర్ల దూరం నుంచి దాదాపు 15 మీటర్ల వెడల్పు వస్తుంది కాబట్టి నీ షెడ్డు అడ్డకొలత మొత్తం పడుతుంది. 16 తప్పనిసరైతేనే, అంచుల్లో స్తంభాలు సాగిపోతాయి. కెమెరా మట్టంగా ఉండాలి. పైకెత్తితే గోడలు లోపలికి వాలతాయి. ట్రస్సులు కావాలంటే నిలువు ఫ్రేము పెట్టి, కింది నేలను తర్వాత కత్తిరించు.

మళ్ళీ అదే పాయింటుకు వెళ్ళినప్పుడు పాత ఫొటో ఫోనులో తెరిచి చూసుకో. దగ్గరి స్తంభం అంచు, దూరపు కిటికీ చట్రంలో ఏ చోట పడుతోందో రెండింటిలోనూ పోల్చు. అంచు పక్కకు జరిగితే నువ్వు పక్కకు జరిగినట్టే. దీన్ని సాఫ్ట్‌వేర్‌లో సరిచేయలేం.

రంగు గీకడం, ఇసుక కొట్టడం మొదలవకముందే ప్రతి ట్రస్సు కీలునూ, పోత ఇనుము మీది అక్షరాలనూ మీటరు కొలబద్ద పక్కన పెట్టి తీసేయ్. ఆ తర్వాత దొరకవు. గోడలకు ఎల్‌ఈడీ ప్యానెల్ పక్క నుంచి, గోడకు దాదాపు ఆనించినట్టు వేయి. ఉబ్బులు, సున్నపు పొరలు, మధ్యలో వేసిన సిమెంటు అతుకులు అన్నీ బయటపడతాయి. సున్నం మీద సిమెంటు వేస్తే లోపలి తేమ బయటికి రాలేక పక్కనుంచి ఉప్పు పొంగుతుంది. మేస్త్రీకి ఏది గీకాలో ఈ ఫొటోలే చెబుతాయి. నా దృష్టిలో మొత్తం పనిలో విలువైన ఫొటోలు ఇవే.

ఉత్తరపువెలుగు:
పాయింట్ల సంగతి ఒప్పుకుంటాను. ఒక్క మాట కలపాలి. ఉత్తరపు గాజుల్లోంచి ఎండ ఎప్పుడూ నేరుగా పడదని అనుకోకండి. ఆదోని అక్షాంశం 15.6 డిగ్రీలు. మే మొదటి వారం నుంచి ఆగస్టు 9 దాకా సూర్యుడు రోజంతా మనకు ఉత్తరం వైపే ఉంటాడు. అంటే ఆ నెలల్లో చారల ఎండ నేల మీద పడుతుంది. జనవరిలో తీసిన మెత్తటి వెలుగు ఫొటో పక్కన జూన్‌ది పెడితే వేరే కట్టడంలా కనిపిస్తుంది. ఆ మూడు నెలలూ పోల్చే ఫొటోలు మబ్బు రోజునే తీయండి.

దీపాలు పెట్టాక లోపలా బయటా వెలుగు సమంగా తూగేది సూర్యాస్తమయం తర్వాత 15–20 నిమిషాలే. ఇక్కడ చీకటి తొందరగా పడుతుంది. ట్రైపాడ్ అంతకు ముందే పెట్టుకోవాలి.

పత్తిమండి:
కిటికీలు తెల్లగా మండిపోతున్నాయి, లోపల చీకటి. హెచ్‌డీఆర్ (వెలుగు తేడాతో తీసిన ఫొటోలను కెమెరా ఒకటిగా కలపడం) ఆన్ చేస్తే చాలా? టైమ్‌లాప్స్‌కు ఎంత గ్యాప్ పెట్టాలి?

ధూళిమేఘం:
ఆటో హెచ్‌డీఆర్ వద్దు సార్, రాతి గోడ ప్లాస్టిక్‌లా వస్తుంది. ఐఎస్‌ఓ 100, ఎఫ్8, రెండేసి స్టాపుల తేడాతో (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) ఐదు ఫ్రేములు రా ఫైళ్ళుగా (కెమెరా సరిదిద్దని ఫైళ్ళు) తీసి, కిటికీలను మాత్రం చీకటి ఫ్రేము నుంచి సాఫ్ట్‌వేర్ మాస్కుతో (ఆ భాగాన్నే ఎంచుకుని) కలపండి. వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) గ్రే కార్డుతో, అంటే బూడిద రంగు అట్టతో పెట్టండి. సైటులోని చవక ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో గీతలు పడతాయి, మెకానికల్ షట్టర్‌తో 1/50 లేదా ఇంకా నెమ్మదిగా తీయండి.

టైమ్‌లాప్స్ లెక్క: ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా 15 నిమిషాలకొకటి అంటే రోజుకు 41. 200 పనిదినాలకు 8,200 ఫ్రేములు, సెకనుకు 25 చొప్పున అయిదున్నర నిమిషాలు. జేపెగ్ 8 ఎంబీ అనుకుంటే దాదాపు 66 జీబీ. కెమెరాను పరంజాకు కట్టొద్దు, రేపు విప్పేస్తారు. మార్చబోయే ట్రస్సుకూ వద్దు. రాతి గోడలో బ్రాకెట్ దింపండి. అపెర్చర్ పూర్తిగా తెరిచి ఉంచితే ఫ్రేముకు ఫ్రేముకు వెలుగు మినుకదు. వేసవికి తెల్ల రంగు వేసిన, గాలి ఆడే పెట్టె పెట్టండి. కరెంటు పోతుంది కాబట్టి 12 వోల్టుల బ్యాటరీ వెనక ఉండాలి.

సున్నం, సిమెంటు దుమ్ము క్షారం. లెన్సును పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు బ్లోవరు, తర్వాతే తడి టిష్యూ. లెన్సు మార్చేది షెడ్డు బయటే. పైన పాత సిమెంటు రేకులుంటే వాటి మీద కాలు పెట్టొద్దు, పగిలి కింద పడతారు. వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. కోసే రోజు మామూలు గుడ్డ మాస్కుతో లోపలికి వెళ్ళొద్దు. ఆ రోజు బయటి నుంచి తీస్తే చాలు.

గచ్చుసున్నం:
హెచ్‌డీఆర్ మీద నాదీ అదే మాట. ఆఖరి ఫొటోలకు తొందరపడకన్నా. కొత్త గచ్చు మచ్చలు మచ్చలుగా ఆరుతుంది, అన్నిచోట్లా ఒకే తెలుపుకు రావడానికి వారాలు పడుతుంది. నెల ఆగి తియ్యి. పాలిష్ చేసిన కడప బండ మీద పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టరు) పూర్తిగా తిప్పితే నేల నల్లగా చచ్చిపోతుంది, సగం తిప్పి కిటికీ ప్రతిబింబాలు కొంచెం మిగల్చు. ఫైలు పేరులో తేదీ, పాయింటు నంబరు, దిక్కు పెట్టి, రెండు డిస్కుల్లో దాచు. వాటిలో ఒకటి సైటుకు బయట ఉండాలి.