వీలునామాలో పేరు లేని కొడుకును వంశవృక్షంలో కలపొచ్చా?

పాతదస్త్రం:
వర్జీనియా వీలునామాల మీద వేరే చర్చలో మొదలైన వాదన ఇక్కడికి తెస్తున్నాను. 1768లో రాసి, 1771లో కౌంటీ కోర్టులో రుజువైన ఒక వీలునామా ఉందనుకోండి. అందులో భార్య, ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళ పేర్లున్నాయి. అదే ఇంటిపేరుతో, ఆ పొలం గట్టు పక్కనే ఇంకొకాయన ఉన్నాడు. వయసు చూస్తే ఆ తండ్రికి పెద్దకొడుకు కావచ్చు. వీలునామాలో మాత్రం ఆయన ఊసే లేదు. కలపొచ్చా, కూడదా?

అమెరికా జనాభా లెక్కల్లో ఇంట్లో అందరి పేర్లూ రాయడం 1850లో గానీ మొదలుకాలేదు. 1790 లెక్కల్లో ఇంటిపెద్ద పేరు ఒక్కటే ఉంటుంది. అంతకుముందు తరాలకు వీలునామాయే పెద్ద దిక్కు. కోడలో అల్లుడో అక్కడివాళ్ళయిన మన ఇళ్ళలో పిల్లల వంశవృక్షం రాసేవాళ్ళకూ ఈ చిక్కు తప్పదు.

రుజువుముందు:
కూడదండీ. ఇంటిపేరు కలిసింది, గట్టు కలిసింది అని కలిపేస్తే తమ్ముడో అన్నకొడుకో సొంత కొడుకైపోతాడు. ఆ తప్పును ఆన్‌లైన్ వృక్షాల్లో ఒకరి నుంచి ఒకరు దించుకుంటూ పోతారు. తండ్రి సాక్షులను పిలిచి, పిల్లలను పేరుపేరునా చెప్పించి రాయించిన కాగితం అది. అందులో లేనివాణ్ణి చేర్చాలంటే అంతకన్నా గట్టి కాగితం చూపించాలి.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1788 వీలునామా చూడండి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇంగ్లండ్ పక్షాన నిలిచిన కొడుకు విలియంకు నోవా స్కోషియాలోని భూమి, అప్పటికే అతని దగ్గరున్న పుస్తకాలు, కాగితాలు, పాత బాకీల మాఫీ తప్ప ఇంకేమీ దక్కలేదు. ఎందుకు అంతే ఇస్తున్నాడో కూడా ఫ్రాంక్లిన్ అందులోనే రాశాడు. అంత కోపమున్న తండ్రి కూడా కొడుకు పేరు మాత్రం వదల్లేదు.

జేమ్స్‌నదిఒడ్డు:
అది పెన్సిల్వేనియా వీలునామా. వర్జీనియాలో 1771 నాటి చట్టమే వేరు, అసలు మెలిక అక్కడే ఉంది.

అప్పట్లో అక్కడ వీలునామా రాయకుండా పోతే భూమంతా పెద్దకొడుక్కే వెళ్ళేది. వీలునామా రాసినా, అందులో ఎవరికీ రాయని భూమి చట్టం ప్రకారం అతనికే వచ్చేది. ఈ పద్ధతిని 1785 చట్టం తీసేసింది, అది అమల్లోకి వచ్చింది 1787 జనవరి 1న. కాబట్టి అంతకుముందు తండ్రి వీలునామా రాసేది ముఖ్యంగా భార్య కోసం, చిన్నకొడుకుల కోసం, కూతుళ్ళ కోసం. పెద్దవాడి సంగతి చట్టమే చూసుకునేది. లేదా పెళ్ళినాటికే దానపత్రం రాసి పొలం ఇచ్చేసి ఉండొచ్చు. వీలునామాలో ‘ఒక షిల్లింగు’ మాత్రమే రాసిన కొడుకును తండ్రి వెళ్ళగొట్టాడని తేల్చేసేవాళ్ళు కూడా ఇదే పొరపాటు చేస్తున్నారు. చాలాచోట్ల ఆ షిల్లింగుకు అర్థం, అతని వాటా ముందే ముట్టిందని.

రుజువుముందు:
చట్టం సంగతి ఒప్పుకుంటాను. కానీ పెద్దకొడుకు పేరు ఎందుకు లేదో చట్టం చెబుతుంది గానీ, ఆ పెద్దకొడుకు ఈయనేనని చెప్పదు కదా. అసలు పెద్దకొడుకు తండ్రికన్నా ముందే పోయి ఉండొచ్చు. గట్టు పక్కనున్నది తమ్ముడు కావచ్చు.

జేమ్స్‌నదిఒడ్డు:
అందుకే భూమి వెంట నడవమంటున్నాను. దస్తావేజుల సూచికలో కొన్నవాళ్ళ వైపు, అమ్మినవాళ్ళ వైపు రెండూ 1771 నుంచి 1800 దాకా చూడాలి. గట్టు పక్కాయన ఒక పొలం అమ్మాడు, కానీ దాన్ని కొన్న దస్తావేజూ లేదు, ప్రభుత్వ పట్టా కూడా లేదు అనుకుందాం. అది వారసత్వంగానో, భార్య తరఫునో వచ్చి ఉండాలి. ఏది అన్నది హద్దులు చెబుతాయి. ‘తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, ఉత్తరానికి 40 డిగ్రీలు తూర్పుగా 120 పోళ్ళు, వాగు దాకా’ అన్నట్టు రాసేవాళ్ళు. పోల్ అంటే పదహారున్నర అడుగులు. ఆ కొలతలను గ్రాఫ్ కాగితం మీద గీసి తండ్రి పట్టా మీద పెట్టండి. ఒక్కో గీత కలిస్తే ఆ నేల తండ్రిదే. వీలునామాలో రాయని నేల, కొన్న దస్తావేజు లేని నేల అతని చేతికి వచ్చిందంటే పెద్దకొడుకుగానే వచ్చిందనడానికి అదే బలమైన ఆధారం.

ఆపైన 1782 నుంచి ఉన్న భూమి పన్ను జాబితాలు చూడాలి. కోర్టు కాలిపోయిన కౌంటీలకు ఇవి ప్రాణం. బకింగ్‌హామ్ కౌంటీ కోర్టు 1869లో తగలబడింది, కానీ పన్ను జాబితాల నకలు రాజధాని రిచ్‌మండ్‌కు వెళ్ళేది కాబట్టి ఆ జాబితాలు మిగిలాయి.

ఒక్కపేజీచాలదు:
మీ ఇద్దరి వాదనా వీలునామాను సరిగ్గా చదివామన్న నమ్మకం మీద నడుస్తోంది. చాలామంది చదివేది అచ్చయిన సారాంశం మాత్రమే. సారాంశంలో సాక్షులు, హద్దులు ఎగిరిపోతాయి. వీలునామాల పుస్తకంలో ఉన్నది కూడా గుమాస్తా ఎత్తిరాసిన నకలే. 2024 నుంచి ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర వెబ్‌సైట్‌లో చేతిరాత కాగితాల్లోనూ మాట వెతికే వీలు వచ్చింది. కానీ అది దొరికించేది పేజీని, చదవాల్సింది మనమే. ‘జె, ఎన్, ఓ’ అని కుదించి రాసింది జాన్ అన్న పేరు, జోనథన్ కాదు.

చుట్టరికాల మాటలు ఇంకా జాగ్రత్తగా చూడాలి. మనకు మేనల్లుడు వేరు, అన్నకొడుకు వేరు, పినతండ్రి కొడుకు వేరు. అప్పటి అక్కడివాళ్ళు వీళ్ళలో ఎవరినైనా ‘కజిన్’ అనేవారు. ‘సన్ ఇన్ లా’ అని ఉంటే అల్లుడే కానక్కర్లేదు, భార్యకు మొదటి పెళ్ళిలో పుట్టిన కొడుకు కూడా కావచ్చు. అలాగే పాతదస్త్రం గారు లెక్కపెట్టిన ఆ ముగ్గురు కొడుకుల తల్లి ఆ భార్యేనని కూడా వీలునామా చెప్పట్లేదు. సీనియర్, జూనియర్ అంటే ఒకే ఊళ్ళో ఒకే పేరున్న పెద్దాయన, చిన్నాయన అనే తప్ప తండ్రీకొడుకులని కాదు.

1752కు ముందరి కాగితమైతే తేదీ కూడా మోసం చేస్తుంది. అప్పటిదాకా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1740 మార్చి 20న రాసి, 1741 ఏప్రిల్ 10న రుజువైతే మధ్యలో గడిచింది ఏడాది కాదు, మూడు వారాలు.

డోవర్‌లెక్క:
పేరు లేకపోవడం గురించి మాట్లాడుతూ ఒక పెద్ద సమూహాన్ని వదిలేశారు. 1850, 1860 జనాభా లెక్కల బానిసల జాబితాల్లో పేర్లు దాదాపు ఉండవు, వయసు, ఆడా మగా అంతే. ఆ కుటుంబాల పేర్లు దొరికేది యజమానుల వీలునామాల్లో, ఆస్తి జాబితాల్లో. అక్కడ కూడా వీలునామా ఒక్కటే చదివితే తప్పుదారి పడతాం.

జార్జ్ వాషింగ్టన్ 1799లో రాసిన వీలునామా తన సొంత బానిసలకు విముక్తి ఇచ్చింది. కానీ ఆ ఏడాది ఆయన ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో ఉన్న 317 మంది బానిసల్లో ఆయన సొంతం 123 మందే. 153 మంది ఆయన భార్య మార్తా మొదటి భర్త డేనియల్ పార్క్ కస్టిస్ ఆస్తికి చెందినవాళ్ళు. కస్టిస్ 1757లో వీలునామా లేకుండా పోయాడు. అందుకని వితంతువుకు బ్రతికున్నంతకాలం మూడోవంతు మీద హక్కు వచ్చింది గానీ, అది అమ్మడానికీ విడిపించడానికీ పనికొచ్చే హక్కు కాదు. 1802లో ఆమె పోయాక వాళ్ళను నలుగురు మనవలకు పంచారు. ఆ 153 మంది వారసులు వెతకాల్సింది కస్టిస్ ఆస్తి కాగితాల్లో. భార్యాభర్తల్లో ఒకరు ఈ లెక్కలో, ఇంకొకరు ఆ లెక్కలో ఉన్న కుటుంబాలు కూడా ఉన్నాయి. 1799లో వాషింగ్టన్ తయారుచేసిన జాబితాలో ఎవరు ఎవరికి జంటో రాసి ఉంది కాబట్టే ఆ బంధాలు ఇవాళ తెలుస్తున్నాయి.

జేమ్స్‌నదిఒడ్డు:
మంచి మాట చెప్పారు. దాని తోకగా ఒకటి. 1787 తర్వాతి వర్జీనియా దస్తావేజుల్లో భిన్నాలు వదలకండి. వీలునామా లేని తండ్రి భూమిలో ‘ఏడోవంతు’ అమ్మితే వారసులు ఏడుగురు. ‘ఇరవై ఎనిమిదోవంతు’ అమ్మితే, ముందే పోయిన ఒక బిడ్డ వాటా నలుగురు మనవలకు విడిందన్నమాట. వలసకాలపు మసాచుసెట్స్‌లో వీలునామా లేకపోతే పెద్దకొడుక్కి రెండు వాటాలు కాబట్టి, నలుగురు పిల్లలుంటే భూమి ఐదు భాగాలు.

పాతదస్త్రం:
అయితే నేను చేసేది ఇది. గట్టు పక్కాయన అమ్మిన పొలం హద్దులు గీసి, తండ్రి పట్టాతో కలిస్తేనే కలుపుతాను. అప్పటిదాకా చుక్కల గీతే. వై డీఎన్‌ఏ కూడా తోడు తీసుకోవచ్చా?

రుజువుముందు:
తీసుకోండి, కానీ దాన్ని ఎక్కడ వాడాలో తెలిసి వాడండి. ఆ పరీక్ష ఇద్దరిదీ ఒకే మగవంశమని చెబుతుంది. తమ్ముడికీ కొడుక్కీ అక్కడ తేడా కనపడదు, నా అభ్యంతరమేమో సరిగ్గా ఆ తేడా మీదే. హద్దులు కలిస్తే నేనూ ఒప్పుకుంటాను. అయితే కలిపిన గీత పక్కన ‘వీలునామాలో పేరు లేదు, దస్తావేజుల ఆధారంగా’ అని రాసి, పుస్తకం నంబరు, పేజీ నంబరు పెట్టండి.