అమ్మ ఫోన్‌కి పాట ముక్కలు పెట్టాలా, మామూలు బెల్లే ఉంచాలా?

కృష్ణాతీరం:
మా అమ్మకి 70 దాటాయి. చదువు రాదు, స్క్రీన్ మీద పేరు చూసి ఎవరు చేస్తున్నారో తెలుసుకోలేదు. ఆండ్రాయిడ్ ఫోన్. ఒక్కొక్కరికి ఒక్కో పాట ముక్క కత్తిరించి పెడదామనుకుంటున్నాను. అక్కకి ఒకటి, నాకొకటి, మందుల షాపు అబ్బాయికి ఒకటి. తెలియని నంబర్లకి మాత్రం మామూలు బెల్లు. ఇలా చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

పాతగంట:
చేయకండి. మన దేశంలో ఎవరూ ఎత్తకపోతే మొబైల్ మోగేది 30 సెకన్లు. 2019లో ట్రాయ్ (టెలికాం కంపెనీలని నియంత్రించే సంస్థ) పెట్టిన నిబంధన అది. ల్యాండ్‌లైన్‌కైతే 60. పాట ముందు వేణువో వీణో మెల్లగా మొదలవుతుంది, అది ఫోనో టీవీయో తేలేసరికి పది సెకన్లు పోతాయి. పెద్దావిడ మంచం దిగి వచ్చేసరికి ఆగిపోతుంది. మా మేనల్లుడు సరదాపడి మా అమ్మ ఫోన్‌కి భక్తిపాట పెట్టాడు. నేను మస్కట్ నుంచి చేస్తూనే ఉన్నాను, ఆవిడ ఎదురింటి టీవీ అనుకుని కూర్చుంది. చివరికి పక్కింటివాళ్లని పంపించాను. ఆ సాయంత్రం నేను పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. బెల్లు బెల్లులాగే ఉండాలి.

వంటింటిరేడియో:
పాతగంట గారూ, అది పాట తప్పు కాదు, కత్తిరించడం రానివాళ్లు కత్తిరించిన తప్పు. మా అత్తగారి ఫోన్‌కి నేనే చేశాను. పాట మొదటి నుంచి తీసుకోకూడదు. పల్లవిలో గొంతు ఎత్తుకునే చోట మొదలుపెట్టాలి. ఫేడ్-ఇన్, అంటే శబ్దం మెల్లగా మొదలై పెరగడం, అసలు వద్దు. పది పదిహేను సెకన్ల ముక్క చాలు, అయిపోగానే మళ్లీ మొదటి నుంచి అదే మోగుతుంది. కంప్యూటర్‌లో పాటలు కత్తిరించే ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది, పాట శబ్దం తక్కువగా ఉంటే అందులో నార్మలైజ్ చేస్తే పెరుగుతుంది. ఫోన్ స్పీకర్‌లో మృదంగం, బేస్ దాదాపు వినిపించవు కాబట్టి వాటిని నమ్ముకోవద్దు. సన్నాయి, మనిషి గొంతు బాగా వినిపిస్తాయి.

ఇంకో సంగతి. వయసు పైబడితే ముందుగా తగ్గేది సన్నటి కీచు శబ్దాల వినికిడి. ఫోన్‌తో వచ్చే చాలా బెల్లులు అవే. మా అత్తగారు వాటిని పక్కగదిలో ఉన్నా వినేవారు కాదు.

పాతగంట:
నేను కీచు బెల్లు పెట్టమనలేదు. పాత ల్యాండ్‌లైన్ బెల్లు అంటున్నాను. 30 సెకన్ల లెక్కకి జవాబు చెప్పండి.

అరుగుమీదకబుర్లు:
పాట కత్తిరిస్తే కాపీరైట్ కేసు అవుతుందంటారు, నిజమేనా?

వంటింటిరేడియో:
సొంత వాడకానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కొనుక్కున్న పాటలోంచి ముక్క తీసి అమ్మ ఫోన్‌లో పెట్టుకుంటే భయం లేదు. అందరికీ పంచినా, అమ్మినా ఆ మినహాయింపు వర్తించదు.

నెల్లూరుమెస్:
ఐఫోన్‌లో రింగ్‌టోన్ కోసం గ్యారేజ్‌బ్యాండ్ అనే సంగీతం యాప్‌తో కుస్తీ పట్టక్కర్లేదు ఇప్పుడు. ఐఓఎస్ 26 నుంచి 30 సెకన్లలోపు ఎంపీ3 ఉంటే షేర్ మెనూలోంచే రింగ్‌టోన్‌గా పెట్టేయొచ్చు.

కృష్ణాతీరం:
ఆండ్రాయిడ్‌లో ఎలాగండీ?

వంటింటిరేడియో:
ఎంపీ3ని ఫోన్‌లో రింగ్‌టోన్స్ అనే ఫోల్డర్‌లో వేయండి. తర్వాత కాంటాక్ట్స్‌లో ఆ పేరు తెరిచి, మూడు చుక్కలు నొక్కితే రింగ్‌టోన్ పెట్టే చోటు వస్తుంది. కొన్ని ఫోన్లలో ఎడిట్‌లో ఉంటుంది. నంబరు సిమ్‌లో కాకుండా ఫోన్‌లోనో గూగుల్ ఖాతాలోనో సేవ్ చేయాలి, చాలా ఫోన్లు సిమ్ నంబర్లకి విడి టోన్ ఒప్పుకోవు. వాట్సాప్ కాల్స్‌కి వాట్సాప్‌లోనే వేరేగా పెట్టాలి. ఎవరైనా రింగ్‌టోన్ యాప్ అని ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించే ఫైల్) పంపితే మాత్రం ముట్టుకోకండి.

పాతగంట:
ఇన్ని చెప్పారు, నా ప్రశ్న ఒక్కటి వదిలేశారు. 30 సెకన్లలో ఎన్ని సెకన్లు పాట గుర్తుపట్టడానికి పోతాయి?

వంటింటిరేడియో:
రెండు కూడా పోవు, గొంతుతో మొదలైతే. పైగా మామూలు బెల్లు మోగిందంటే తెలియనివాళ్లని మా అత్తగారికి తెలుసు, ఎత్తరు. డిజిటల్ అరెస్ట్ అని బెదిరించి డబ్బు లాగుతున్న రోజులివి. బ్యాంకు పేరు చెప్పి ఆవిడని ఒకసారి ఏడిపించారు. పాటలు పెట్టింది అందుకే.

పాతగంట:
అంటే ఆసుపత్రి నుంచి కొత్త నంబరుతో ఫోన్ వచ్చినా ఎత్తరు. బాగుంది. పెద్దవాళ్ల ఫోన్ ఆటవస్తువు కాదండీ.

వంటింటిరేడియో:
ఆటవస్తువా? మస్కట్‌లో కూర్చుని చెప్పడం తేలిక. మీ అమ్మగారి చెవి పక్కన రోజంతా ఆ ల్యాండ్‌లైన్ బెల్లు గణగణలాడుతుంటే భరించేది మీరు కాదు. మీరు ఫోన్ చేసే ఆ పది నిమిషాల కోసం మిగతా రోజంతా ఆవిడ ఉలిక్కిపడాలా?

పాతగంట:
మస్కట్ సంగతి ఎత్తక్కర్లేదు. సరదాకి రాలేదు ఇక్కడికి. మీరు పక్కగదిలో ఉంటారు, తలుపు తోసి చూస్తారు. నాకు ఆవిడ ఉందో లేదో తెలిసేది ఫోన్ ఎత్తితేనే. ఎత్తకపోతే ఆ రాత్రి నిద్ర ఉండదు. నాకు ఆ మోత కావాలి. కావాలనే అంటున్నాను.

వంటింటిరేడియో:
ఈ మాట మొదటే అనుంటే సెకన్ల లెక్క ఇంతసేపు నడిచేది కాదు. మీ బాధ నాకు అర్థమైంది, కానీ మీ భయం తీరడానికి ఆవిడ ఫోన్ ఒక్కటే దారి కాకూడదు. పక్కింటివాళ్ల నంబరు, రోజూ ఒకే వేళకి ఫోన్, ఇవి కూడా ఉండాలి. మోగేది ఆవిడ చేతిలో, ఏం మోగాలో ఆవిడ చెప్పాలి. మీ మేనల్లుడూ అడగలేదు, మీరూ అడగలేదు.

పాతగంట:
అడిగితే "నీ ఇష్టం నాయనా" అంటుంది. కొడుకుని నొప్పించే మాట ఆవిడ అనదు. అందుకని నిర్ణయం నేనే తీసుకోవాలి.

నెల్లూరుమెస్:
రెండు మూడు టోన్లు వినిపించి ఏది బాగుందో చూపించమనండి. ఇష్టాయిష్టాలు అప్పుడే బయటపడతాయి.

కృష్ణాతీరం:
మా అమ్మకి అలాగే వినిపించాను. అక్క పేరు మీద పెట్టిన పాట వినగానే ఒప్పుకుంది. నాకు మాత్రం మామూలు బెల్లే ఉంచమంది. "నువ్వు పనుంటేనే చేస్తావు, పాటెందుకు" అంది. నేనేమీ అనలేకపోయాను.

పాతగంట:
కృష్ణాతీరం గారూ, అయితే రోజూ చేయండి. ఆ బెల్లయినా పూర్తి వాల్యూమ్‌లో ఉంచండి.

వంటింటిరేడియో:
అలాగే మీ బెల్లుకీ, తెలియని నంబర్ల బెల్లుకీ తేడా ఉండేలా చూడండి, లేకపోతే ఆవిడ రెండూ ఎత్తరు. ఫ్యాన్ వేసి, టీవీ పెట్టి, పక్కగదిలోంచి మోగించి చూడండి.