‘రాకెట్’ ఆవిరి రైలింజన్ సిలిండర్ల వాలు గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. 1829లో ఇంగ్లాండ్‌లోని రెయిన్‌హిల్‌లో జరిగిన రైలింజన్ల పోటీల్లో గెలిచిన, స్టీఫెన్‌సన్ తండ్రీకొడుకుల ‘రాకెట్’ ఆవిరి ఇంజన్‌కి చెక్కతో నమూనా చేస్తున్నాను. బాయిలర్ సంగతి తేలిపోయింది. లోపల 25 రాగి గొట్టాలు, ఫైర్‌బాక్స్ (నిప్పు మండే పెట్టె) నుంచి వేడి వాటిగుండా పోతూ చుట్టూ ఉన్న నీళ్లను మరిగిస్తుంది. ఒకటో రెండో లావుపాటి గొట్టాలున్న పాత ఇంజన్లకంటే ఆవిరి త్వరగా పుట్టేది అందుకే. ఎంత చక్కటి ఆలోచనో!

చిక్కంతా సిలిండర్ల దగ్గరే. పోటీనాటికి అవి వెనకవైపు బాగా ఏటవాలుగా, సుమారు 38 డిగ్రీల్లో ఉండేవి. పరుగులో ఇంజన్ ఊగిపోతోందని తర్వాత దాదాపు అడ్డంగా కిందికి దించారు. మ్యూజియంలో మిగిలింది ఈ మార్చిన రూపమే. నాకు కావాల్సింది 1829 నాటిది.

అంత వాలులో సిలిండర్లను దేనికి బిగించారు, బాయిలర్‌కా, ఫ్రేమ్‌కా? ఇంజన్‌ని వెనక్కి నడపాలంటే డ్రైవర్ పెడల్ తొక్కి ఇరుసు మీది ఎక్సెంట్రిక్‌లను (ఇరుసుతో తిరుగుతూ ఆవిరి కవాటాలను కదిపే బిళ్లలు) పక్కకి జరిపేవాడట. ఆ పెడల్, చేతి లివర్లు ఎక్కడెక్కడ ఉండేవి?

ఇంగ్లాండ్‌లో ఉంటున్నవాళ్లెవరైనా పోటీనాటి రూపంలో చేసిన రెప్లికాను చూసుంటే, వెనకనుంచి తీసిన ఫొటో ఒక్కటి పెట్టినా చాలు. పాత డ్రాయింగ్ ఉంటే మరీ మంచిది. ఆ భాగం తేలేదాకా చక్రాలు బిగించలేను.