క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఎవరూ డౌట్ అడగరు, ఏం చేయాలి?

ధర్మవరం ప్యాసింజర్:
అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను, రోజూ ధర్మవరం నుంచి వచ్చిపోతుంటాను. మా క్లాసు గ్రూపుకి నేనే అడ్మిన్. సార్లు పీడీఎఫ్ పెట్టగానే వరసగా 'థాంక్యూ సార్'లు, దండాల బొమ్మలు. క్వాంటమ్‌లో ఒక లెక్క అడిగితే మాత్రం నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు. అదే మనుషులు క్యాంటీన్‌లో టీ తాగుతూ అదే లెక్క మీద గట్టిగా వాదించుకుంటారు! గ్రూపులో మాట్లాడించేదెట్లా?

బురుజు కాడ:
బ్రో, ఇంటిగ్రల్ గుర్తు ఫోన్‌లో వెతికేలోపు డౌటే మర్చిపోతాం. కర్నూల్లో మా బ్యాచ్ కాగితం మీద రాసి ఫొటో పెడుతుంది, కింద వాయిస్ నోట్: 'మూడో లైన్ నుంచి నాలుగో లైనుకి ఎట్లొచ్చినావురా?' అని. పీడీఎఫ్‌లకు వేరే గ్రూపు పెట్టి, అందులో అడ్మిన్లే మెసేజ్ చేసేలా సెట్టింగ్ మార్చెయ్.

కడప మేడమ్:
డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. వాళ్ళకు తెలియక కాదు, పేరు కనబడుతుందని భయం. ఒకసారి వాట్సాప్‌లో పోల్ పెట్టాను: పైకి విసిరిన బంతి అన్నిటికంటే ఎత్తులో ఉన్న క్షణాన దాని త్వరణం ఎంత? ఫస్ట్ వచ్చే అబ్బాయి 'సున్నా' నొక్కాడు. అందులో ఎవరు ఏది నొక్కారో అందరికీ తెలుస్తుంది కదా, ఇక మిగతావాళ్ళూ సున్నాయే. (సున్నా అయ్యేది వేగం. త్వరణం అప్పుడూ 9.8, కిందికే.)

తర్వాత ఇలాంటి ప్రశ్నే టెలిగ్రామ్‌లో, పేర్లు కనబడని పోల్‌గా పెట్టాను. జవాబులు తలో దిక్కు పోయాయి. నాకు కావలసిందీ అదే. సరైనది చెప్పకుండా, 'వేరేది నొక్కినవాళ్ళను ఒప్పించండి' అని క్లాసులో కాసేపు వదిలేశాను. మళ్ళీ అదే పోల్. ఈ పద్ధతి నాది కాదు, అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టాడు. అప్పటికి స్మార్ట్‌ఫోన్లే లేవు. అందుకే ఫోన్ తేని పిల్లలకు నేను ఏ, బీ, సీ, డీ అని రాసిన అట్టముక్కలిస్తాను.

ఇంకో సంగతి. గ్రూపులో డౌట్ అడిగిన పాపానికి ఒకమ్మాయికి అర్ధరాత్రి 'హాయ్'లు మొదలయ్యాయి. ఆమె మళ్ళీ అక్కడ నోరు తెరవలేదు. టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు. అడ్మిన్‌వి కాబట్టి ముందు ఇది చూడు నాయనా, దండాల బొమ్మల సంగతి తర్వాత.

ధర్మవరం ప్యాసింజర్:
టెలిగ్రామ్ అంటే సినిమాలు దించుకునే యాప్ అనుకుంటారు మావాళ్ళు మేడమ్, అయినా అడిగి చూస్తాను. కానీ క్వాంటమ్‌కి అట్లాంటి ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయి?

కడప మేడమ్:
వెతకొద్దు. పోయిన ఇంటర్నల్‌లో మీవాళ్ళు ఎక్కువమంది ఏ తప్పు రాశారో సార్‌ని అడుగు. ఆ తప్పునే ఒక ఆప్షన్‌గా పెట్టు.