టిప్‌మన్ 98 గన్నులకు ఎయిర్ ట్యాంక్: 850 ఔట్‌పుట్ తీస్కోవాల్నా, 450దా?

దేవరకొండ రోడ్డు గ్రౌండ్:
నల్లగొండ బయట చిన్న పెయింట్‌బాల్ (గన్నుతోని రంగు గోళీలు కొట్టుకునే ఆట) గ్రౌండ్. 12 టిప్‌మన్ 98 కస్టమ్ గన్నులు, అన్నీ సీఓ2 (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) మీదనే నడుస్తున్నయి. ఎండ ముదిరిందంటే లెక్క తప్పుతున్నది. పొద్దున 280 ఎఫ్‌పీఎస్‌కు (గోళి స్పీడు, సెకనుకు ఇన్ని అడుగులని) సెట్ చేసిన గన్ను మధ్యాహ్నానికి 300 దాటి కొడుతున్నది. అందుకే కంప్రెస్డ్ ఎయిర్‌కు మారుదమనుకుంటున్నం. అమ్మేటోళ్లను అడిగితే ఒకరు 3000ను హై ప్రెషర్ అంటరు, ఇంకొకరు 4500ను అంటరు, మూడో ఆయన 450ది లో ప్రెషర్, గన్నుకు మంచిది అంటడు. ఏది తీస్కోవాలె? నల్లగొండల నింపుడు ఎట్ల?

పాలమూరు షూటర్:
లో ప్రెషర్‌దే తీస్కో అన్నా. గన్ను లోపలి పార్టుల మీద లోడ్ తగ్గుతది, గాలి గూడ కలిసొస్తది. ఇప్పుడొచ్చే గన్నులన్నిటికీ 450 సాలు.

రెగ్యులేటర్ రిపేర్:
పాలమూరు తమ్మి చెప్పింది ఎలక్ట్రానిక్ గన్నులకు నిజం, 98కి కాదు. ముందు ఆ అంకెల లొల్లి తీరుద్దాం.

ట్యాంక్ మీద రెండు వేరు వేరు ప్రెషర్లుంటయి. 3000, 4500 అన్నది సీసాల ఎంత గాలి పట్టించొచ్చో చెప్పే లెక్క. 48/3000 అంటే 48 ఘనపు అంగుళాల సీసా, 3000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, ప్రెషర్ కొలత) దాక నింపొచ్చు. ఇవి ఎక్కువగ అల్యూమినియంవి. 68/4500 లాంటివి కార్బన్ ఫైబర్‌వి. 850, 450 అన్నది సీసా మూతికున్న రెగ్యులేటర్ గన్నుకు ఒదిలే ప్రెషర్. ట్యాంకుల 3000 ఉన్నా 4500 ఉన్నా గన్నుకు పోయేది ఆ 850యో 450యో మాత్రమే. నువ్వు అడిగే హై, లో అంటే ఈ రెండోది.

98 కస్టమ్ సీఓ2 కోసం కట్టిన గన్ను. 21 డిగ్రీల కాడ సీఓ2 ప్రెషర్ దగ్గరదగ్గర 850 పీఎస్ఐ. గన్ను స్ప్రింగులు, హ్యామర్ (వాల్వును కొట్టి తెరిచే ముక్క) బరువు, వాల్వు అన్నీ ఆ ప్రెషర్‌కు తగ్గట్టు చేసినయి. దానికి 450 ఇస్తే వాల్వు తెరిచినప్పుడు సాలినంత గాలి రాదు. గోళి 200 ఎఫ్‌పీఎస్ గూడ దాటకపోవచ్చు. దానికంటె పెద్ద తిప్పల ఇంకొకటి: హ్యామర్‌ను పూర్తిగ ఎనుకకు తోసే బలం లేక అది సియర్‌కు (హ్యామర్‌ను ఆపి పట్టే కొక్కేనికి) తగులుకోదు, మళ్ల ముందుకొస్తది, మళ్ల పోతది. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే గన్ను డగ్ డగ్ మని తనంతట తాను కొట్టుకుంటది. కిరాయి గన్ను పట్టుకున్న కొత్త పిల్లగాని చేతిల అది ప్రమాదం. తక్కువ ప్రెషర్‌కు స్ప్రింగులు మార్చి నడుపొచ్చు గని, 12 గన్నులకు ఆ పని పెట్టుకోకు.

గన్ను లోపల సొంత రెగ్యులేటర్ ఉన్న ఎలక్ట్రానిక్ రకాలు 200 పీఎస్ఐ లోపలనే పని చేస్తయి. వాటికి 450 సరిపోతది, 850 ఇస్తే లోపలి రెగ్యులేటర్ మీద అనవసరపు భారం. ట్యాంకుల 450 మిగిలేదాక ఒకే తీరు కొడుతది గన్ను. 850దైతే 850 కాడికే ఆగుతది, ఆ తర్వాత ట్యాంక్ తగ్గినకొద్దీ ఔట్‌పుట్ పడిపోతది. 3000 ట్యాంకుల చూస్తే మొదటిదాంట్ల 85 శాతం, రెండోదాంట్ల 72 శాతం గాలి పనికొస్తది. తమ్మి అన్న కలిసొచ్చుడు ఇదే.

నీకు కావాల్సింది 48/3000, 850 ఔట్‌పుట్, అల్యూమినియం. షాట్లకు మోటు లెక్కుంది: ఘనపు అంగుళాలను పీఎస్ఐతోని గుణించి 300తోని భాగించు. 480 వస్తది. 98 గాలి ఎక్కువ తాగే గన్ను, కాబట్టి 350 అనుకుని నడుపు.

దేవరకొండ రోడ్డు గ్రౌండ్:
సమజైంది అన్నా. మరి ఎండల గాలి ట్యాంక్ గూడ సీఓ2 లెక్కనే పెరగదా?

రెగ్యులేటర్ రిపేర్:
పెరుగుతది, గని ఆ తీరుగ కాదు. సీఓ2 సీసాల ద్రవం ఉంటది. 31 డిగ్రీలు దాటితే ఆ ద్రవమే ఉండదు, ప్రెషర్ 1070 పీఎస్ఐ దాటి, ఎంత నింపిన్రు అన్నదాన్ని బట్టి ఎక్కడికో పోతది. మన నల్లగొండ మే నెల ఎండల 43, 44 అంటే గన్నుకు రోజూ వేరే వేరే ప్రెషర్ ఇచ్చినట్టే. అదే గాలి ట్యాంకుల 30 డిగ్రీల కాడ 3000 ఉంటే, ఎండకు కారుల పెట్టి 60 అయిందనుకో, 3300 దగ్గరికి వస్తది. గన్నుకు మాత్రం అదే 850 పోతది. అయినా కారుల పెట్టకుండ్రి.

జడ్చర్ల గాలి మిషన్:
నింపుడు సంగతి నేను చెప్త. టైర్ల దుకాణం కంప్రెసర్ 150 పీఎస్ఐ చుట్టుపక్కల ఆగిపోతది, దాన్ని మర్చిపోండ్రి. రెండు దారులున్నయి. ఒకటి పీసీపీ (ముందే గాలి నింపి పెట్టుకునే) ఎయిర్‌గన్నుల కోసం అమ్మే 4500 పీఎస్ఐ దాక కొట్టే చిన్న కంప్రెసర్. 12 ట్యాంకులకు ఇది అలిసిపోతది, వేడెక్కినప్పుడల్లా ఆపాల్సొస్తది. రెండోది డైవింగ్ సిలిండర్ నింపించుకుని తెచ్చుకుని దానినుంచి ట్యాంకులకు పంచుడు.

12 లీటర్ల సిలిండర్ 232 బార్ దాక నిండుగ తెచ్చినరనుకో. 48 ఘనపు అంగుళాలంటే 0.787 లీటర్లు, 3000 పీఎస్ఐ అంటే 207 బార్. ఖాళీ ట్యాంక్ ఒక్కటి నింపితే సిలిండర్ 218 బార్‌కు దిగుతది, రెండోది నింపితే 205కు. మూడోది 2800 పీఎస్ఐ గూడ అందుకోదు, అక్కడినుంచి ఒక్కొక్కటి సుమారు 6 శాతం తక్కువ. 12 ట్యాంకులు ఒక్క సిలిండర్ మీద నడవయి. రెండు మూడు పెట్టి, తక్కువున్న సిలిండర్‌తోని మొదలుపెట్టి, నిండుగున్నదానితోని ఆఖరున పూర్తి చేస్తే చానా కలిసొస్తది. ఇంకో సంగతి, ట్యాంకును మొత్తం ఖాళీ చేయకుంటే సిలిండర్ల గాలి అంతే మిగులుతది.

నింపేటప్పుడు వాల్వు సన్నగ తెరువాలె, 48/3000 ఒక్కటికి నిమిషంకంటె ఎక్కువే పట్టాలె. తొందరపడితే ట్యాంక్ కాగుతది, సల్లారినంక 3000 అనుకున్నది 2700 చూపిస్తది. నిండినంక సిలిండర్ వాల్వు కట్టేసి, గొట్టంల గాలి బ్లీడ్ స్క్రూ తిప్పి వదిలి, అప్పుడు ఊడదీయాలె.

నింపే నిపుల్ (గాలి ఎక్కే చిన్న మూతి) కాడ నూనె, గ్రీజు పెట్టుడు అసలే వద్దు. అంత ప్రెషర్‌కు నూనె మండుతది. వానకాలంల తేమ ఎక్కువ, కంప్రెసర్‌కు నీళ్ల సెపరేటర్, ఫిల్టర్ లేకుంటే రెగ్యులేటర్ల తుప్పు పడుతది.

రెగ్యులేటర్ రిపేర్:
మన దేశంల 500 మిల్లీలీటర్లు దాటిన సిలిండర్ గ్యాస్ సిలిండర్ నిబంధనల కిందికి వస్తది. 48 అంగుళాలది 787 మిల్లీలీటర్లు కాబట్టి పెసో (పేలుడు పదార్థాలు, గ్యాస్ సిలిండర్ల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదమున్నదేనా అని అమ్మేటోన్ని ముందే అడుగు. అమెరికా ముద్ర ఒక్కటుంటే సరిపోదు. పాతది కొనేటట్టయితే హైడ్రో టెస్ట్ (నీళ్ల ప్రెషర్‌తోని సీసా బలం చూసే పరీక్ష) తేదీ చూడు: అల్యూమినియందైతే మెడ కాడ చెక్కి ఉంటది, అయిదేండ్లకోసారి. కార్బన్ ఫైబర్‌వి చానామటుకు తయారైన 15 ఏండ్లకు పక్కన పెట్టాల్సిందే.

రెగ్యులేటర్ల రెండు బర్స్ట్ డిస్కులు (ప్రెషర్ మితిమీరితే పగిలి గాలి వదిలే రేకులు) ఉంటయి. 3000 ట్యాంకుకు సీసా వైపు 5000ది, 4500కు 7500ది. గన్ను వైపు 1800ది. గన్ను వైపుది మళ్ల మళ్ల పగులుతుంటే డిస్కు మార్చుడు కాదు చేయాల్సింది. లోపల సీటో, పిస్టన్ ఓ-రింగో (గాలి కారకుండ ఆపే రింగు) పోయి ప్రెషర్ మెల్లగ పైకి పాకుతున్నదన్నట్టు. మార్చిన డిస్కు అదే రేటింగ్‌ది కావాలె, సైజు సరిపోయింది గదా అని 7500ది తీస్కపోయి 3000 ట్యాంకుకు బిగించొద్దు.

సీసా మెడకూ రెగ్యులేటర్‌కూ కలిపి గోళ్ల రంగుతోని ఒక గీత గీయి. గన్ను నుంచి ట్యాంక్ తిప్పి తీసేటప్పుడు ఆ గీత విడిపోయిందంటే సీసా రెగ్యులేటర్ నుంచి ఊడుతున్నదన్నట్టు. అప్పుడే ఆగాలె, మనుషులను దూరం జరపాలె. నిండు ట్యాంక్ అట్ల ఊడితే తూటా లెక్క పోతది.

పాలమూరు షూటర్:
సరే అన్నా, 98 అని సరిగ సూడకనే రాసిన. మారినంక 12 గన్నులనూ మళ్ల క్రోనో (గోళి స్పీడు కొలిచే మిషన్) మీద పెట్టుండ్రి. వెలాసిటీ స్క్రూ లోపలికి తిప్పితే స్పీడు తగ్గుతది, బయటికి తిప్పితే పెరుగుతది. ట్యాంకు పెట్టంగనే మూతి కాడ సుయ్ మని గాలి పోతే నూటికి తొంభై సార్లు 015 సైజు ఓ-రింగ్ చిరిగినట్టు. 90 డ్యూరోమీటర్ (గట్టిదనం కొలత) యూరిథేన్‌వి ఒక డబ్బా తెచ్చి గల్లా కాడ పెట్టుకోండ్రి, నల్ల రబ్బరువి రెండు రోజులు గూడ ఆగయి.