నార్ఫోక్ పైన్ కింది కొమ్మలు ఎండిపోతున్నాయి, బోరు నీళ్లే కారణమా?

నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ అని అమ్మే నార్ఫోక్ పైన్ (అరౌకేరియా హెటెరోఫిల్లా) మా హైదరాబాద్ బాల్కనీలో ఉంది. నాలుగడుగుల ఎత్తు, 12 అంగుళాల కుండీ. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్ట్ కలిపి వేశాను. పొద్దున ఎండ మాత్రమే తగులుతుంది.

మార్చి చివర్లో అన్నిటికంటే కింది వరస కొమ్మలు కొసల నుంచి గోధుమ రంగుకు తిరిగాయి. ఆ వరస పూర్తిగా ఎండాక దాని పైవరస మొదలైంది. చిగురు మాత్రం పచ్చగా, గట్టిగానే ఉంది. పురుగు, బూజు, సాలెగూడు ఏవీ లేవు.

నీళ్లు తగ్గించి, పైమట్టి రెండంగుళాలు ఆరాకే పోశాను. వేపనూనె కొట్టాను. కుండీ మార్చినప్పుడు చూస్తే వేర్లు తెల్లగానే ఉన్నాయి, కుళ్లు వాసన లేదు. అయినా ఎండడం ఆగలేదు.

ఇక మిగిలిన అనుమానం నీళ్ల మీదే. మాది బోరు నీరు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) 1100 దాకా చూపిస్తోంది, కుండీ అంచుల్లో తెల్లటి పొర కడుతోంది. కానీ ఇది పసిఫిక్‌లో నార్ఫోక్ దీవి, దాని చుట్టుపక్కల చిన్న దీవుల్లో పుట్టిన చెట్టు. ఉప్పుగాలికి తట్టుకుంటుందనే కదా సముద్రతీరాల్లో వరసగా నాటుతారు! ఆకుకు ఓర్చుకున్న ఉప్పు వేరుకు పడదా? ఈ చెట్టుకు రాలిన కింది కొమ్మలు మళ్లీ రావు, అదే టెన్షన్.

బోరు నీళ్లతో దీన్ని కుండీలో పెంచినవాళ్లు చెప్పండి: వాన నీళ్లకో ఆర్వో నీళ్లకో మారిస్తే ఈ ఎండడం ఆగిందా?